లెఫ్కాడా నుంచి ఇథాకా దాకా: సరంగు లేని పడవలో వారం రోజులు

గ్రీసుకు పడమట ఉన్న అయోనియన్ సముద్రంలో తెరచాప పడవ అద్దెకు తీసుకుని జూన్‌లో వారం రోజులు తిరిగొచ్చాం. నడిపేవాళ్ళని విడిగా పెట్టుకోలేదు, ఆ బాధ్యత నాదే. మేమిద్దరం, పిల్లలిద్దరు, తమ్ముడు, మరదలు, మొత్తం ఆరుగురం. వచ్చినప్పటి నుంచి అందరూ ఫొటోలు చూసి ఎంతయిందని అడుగుతున్నారు. రాత్రిపూట పడవ ఎక్కడ కట్టారు, నిద్ర పట్టిందా అని మా అమ్మ ఒక్కతే అడిగింది. అమ్మ పుట్టింది గోదావరి లంకలో. పడవ గురించి ముందు అడగాల్సింది అదేనని ఆమెకు తెలుసు.

గ్రీసులో పడవ చేతికివ్వాలంటే నడిపేవాళ్ళకి సర్టిఫికెట్ ఉండాలి, పని తెలిసిన రెండో మనిషి కూడా ఉండాలి. నేను ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర సోలెంట్ జలసంధిలో డే స్కిప్పర్ అనే పడవ నడిపే కోర్సు చేసి, దాని మీద ఐసీసీ, అంటే వేరే దేశాల్లో కూడా చూపించుకునే పడవ సర్టిఫికెట్, తీసుకున్నాను. తమ్ముడు కూడా అక్కడే తాళ్ళు, తెరచాపల పని నేర్చుకున్నాడు. అయితే కోర్సు అయిపోయింది కదా అని మొదటిసారే గ్రీసుకు తూర్పున ఉన్న ఏజియన్ సముద్రం వైపు వెళ్ళకండి. అక్కడ వేసవిలో మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి గట్టిగా వీస్తుంది. అయోనియన్ నెమ్మది. పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వాయవ్యం నుంచి మైస్త్రో అనే గాలి లేస్తుంది, నాలుగింటికల్లా 15, ఒక్కోసారి 20 నాట్ల వేగం (గంటకి సుమారు 28, 37 కిలోమీటర్లు) అందుకుంటుంది, పొద్దుగూకేసరికి పడిపోతుంది. సెప్టెంబరులో మాత్రం నేను వెళ్ళను. 2020 సెప్టెంబరులో వచ్చిన ఇయానోస్ తుపాను ఈ దీవుల రేవుల్లో పడవల్ని ఒడ్డుకెత్తి కొట్టింది.

ఆక్టియో విమానాశ్రయం నుంచి లెఫ్కాడా దీవిలోని మరీనాకి, అంటే పడవలు నిలిపే రేవుకి, టాక్సీలో అరగంట. శనివారం సాయంత్రం అయిదింటికి 38 అడుగుల పడవ అప్పగించారు. అప్పగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకా చాలా పడవలున్నాయట. పావుగంటలో అంతా చూపించేసి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటే విప్పి చూశాం. ఆటోమేటిక్ జాకెట్ లోపల చిన్న గ్యాస్ సిలిండర్ ఉంటుంది, నీళ్ళు తగలగానే జాకెట్‌ని ఉబ్బించేది అదే. ఒకదానిలో ఆ సిలిండర్ మర వదులైపోయి వేళ్ళతోనే తిరిగిపోతోంది. అంటే మనిషి నీళ్ళలో పడినా జాకెట్ ఉబ్బుతుందన్న నమ్మకం లేదు. పిల్లల జాకెట్లలో ఒకదానికి తొడల మధ్య నుంచి వచ్చే పట్టీయే లేదు. అది లేకపోతే పిల్ల నీళ్ళలో ఉండగానే జాకెట్ తలమీదుగా ఊడి వచ్చేస్తుంది. రెండూ మార్చి ఇచ్చేదాకా కదల్లేదు. ఆ కుర్రాడికి కోపం వచ్చింది, రానివ్వండి. 2019లో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. కేబిన్‌లోంచి పైకి వస్తే ఒంటి మీద జాకెట్ ఉండాల్సిందేనని పిల్లలకి ముందే చెప్పేశాం.

మిగతావి కూడా చేత్తో ముట్టుకుని చూశాం. ఇంజన్ స్టార్ట్ చేస్తే వెనక గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయా, అడుగున చేరిన నీరు తోడే పంపు పనిచేస్తోందా, లంగరు మోటారు స్విచ్ ఎక్కడుంది, గొలుసు ఎన్ని మీటర్లు, గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, రేడియోలో ఆపదలో పిలిచే 16వ ఛానల్ పలుకుతోందా. గ్రీసు కోస్ట్‌గార్డ్ ఫోన్ నంబరు 108. మనకి అలవాటైన అంబులెన్స్ నంబరే కావడంతో పిల్లలకి కూడా ఇట్టే గుర్తుండిపోయింది. డిపాజిట్ పెద్ద మొత్తం కాబట్టి పాత గీతలన్నీ ఫొటోలు తీసుకున్నాం.

ఆదివారం పొద్దున గాలి లేవకముందే ఒక బకెట్‌కి ఫెండర్ (పడవ గట్టుకి రాసుకోకుండా వేలాడదీసే గాలి బుడ్డ) కట్టి నీళ్ళలో పడేశాం. అదే పడిపోయిన మనిషి అనుకోవాలి. చూసినవాళ్ళు అరవాలి, వేలు చూపిస్తూ దాని మీంచి కళ్ళు తిప్పకూడదు, ఇంకొకరు తేలే రింగు విసరాలి. ఇంజన్ వేసే ముందు తాళ్ళేవీ నీళ్ళలో లేవని చూసుకోవాలి, మనిషి దగ్గరికి వచ్చాక న్యూట్రల్‌లో పెట్టాలి. మొదటిసారి బకెట్ కనపడకుండా పోయింది. వేలు చూపిస్తున్న మా పాప, ఎవరో పిలిస్తే ఒక్క క్షణం వెనక్కి తిరిగింది, అంతే. మూడోసారికి అందుకున్నాం. ఆ తర్వాత పాపకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని రాలేదు.

ఇక రేవులు. మెగానిసి దీవిలో స్పిలియా మాకు బాగా నచ్చింది. పడవ కట్టుకోవడానికి హోటల్ వాళ్ళదే చెక్క జెట్టీ, తాడు అందుకోవడానికి మనిషి నిలబడి ఉంటాడు, ముందు వైపు కట్టుకోవడానికి నీళ్ళ అడుగున తాడు సిద్ధంగా ఉంటుంది, లంగరు వేసే పనే లేదు. రాత్రికి అక్కడే భోంచేస్తే కట్టినందుకు డబ్బు తీసుకోలేదు. కూరగాయలతో చేసే బ్రియామ్, టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, రొట్టె. మాంసం తినని మరదలికి ఏ ఇబ్బందీ కాలేదు.

కెఫలోనియా ఉత్తరపు కొసన ఉన్న ఫిస్కార్డో అందమైన ఊరే. 1953 భూకంపంలో ఆ దీవి చాలావరకు నేలమట్టమైనా ఈ ఊరి పాత ఇళ్ళు నిలబడ్డాయి. కానీ మేం రెండింటికి వెళ్ళేసరికి గట్టు మీద చోటు లేదు. ఎదుటి ఒడ్డున లంగరు వేసి, వెనక నుంచి పొడవాటి తాళ్ళు రాళ్ళకి కట్టాల్సి వచ్చింది. పక్కనుంచి గాలి తోస్తుంటే తమ్ముడు తాడు పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళాడు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేనైతే వద్దంటాను, పన్నెండు లోపు చేరగలిగితే తప్ప. ఇథాకా దీవిలో వతి రేవు మ్యాపులో చూస్తే నాలుగు వైపులా కొండలతో గాలి దూరని చోటులా ఉంటుంది. నిజానికి మధ్యాహ్నం మైస్త్రో ఆ కొండల మీంచి దిగి గట్టిగా కొడుతుంది. సామాన్లు, నీళ్ళు దొరుకుతాయి కాబట్టి ఆగాం.

ఇథాకాలోనే కియోని చిన్న రేవు, లోపలికి వెళ్తుంటే పాడుబడ్డ గాలిమరలు కనిపిస్తాయి. పొద్దున బయల్దేరుతూ గొలుసు లాగుతుంటే మోటారు మూలిగి ఆగిపోయింది. ముందు నిలబడ్డ తమ్ముడు "అన్నయ్యా, ఆపు! వేరేవాళ్ళ గొలుసు వచ్చింది" అని అరిచాడు. మా లంగరు మీదుగా, పాచి పట్టిన ఇంకో గొలుసు విల్లులా వంగి వేలాడుతోంది. కాలితో తన్నడం, చేత్తో ఎత్తడం చేయకూడదు, వేళ్ళు పోతాయి. ఒక తాడు ఆ గొలుసు కింద నుంచి పోనిచ్చి రెండు కొసలూ మా పడవకే బిగించాం. మా లంగరు కొంచెం కిందికి వదిలితే బరువంతా తాడు మీద పడింది. పడవ మెల్లగా వెనక్కి జరిపేసరికి లంగరు విడిపోయింది. అప్పుడు తాడు ఒక కొస వదిలేస్తే వాళ్ళ గొలుసు నీళ్ళలోకి జారిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది. గాలి లేని ఎనిమిది గంటలప్పుడు కాబట్టి సరిపోయింది.

వంట పడవ కట్టి ఉన్నప్పుడే. నడుస్తుండగా కుక్కర్ పెట్టకండి, పడవ ఒరిగితే మరిగే పప్పు ఒంటి మీద పడుతుంది. మంచినీళ్ళ ట్యాంకు ఆరుగురికి రెండు రోజులకే అడుగంటింది, అందుకని గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో తోమి, చివరికి మాత్రం మంచినీళ్ళతో కడిగాం.

ఆఖరి రాత్రి లెఫ్కాడా దీవిలోనే సివోతా. నాలుగు వైపులా మూసినట్టుండే రేవు. మర్నాడు, శుక్రవారం, మరీనాలో డీజిల్ నింపించి అప్పగించాం. డైవర్ దిగి అడుగు భాగం చూశాక డిపాజిట్ పూర్తిగా తిరిగి వచ్చింది.

అమ్మకి ఫోన్‌లో ఇదంతా వరసగా చెప్పాను. స్పిలియాలో, సివోతాలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. వతిలో గాలి పడిపోయాక పట్టింది. ఫిస్కార్డోలో రెండేసి గంటలకోసారి లేచి, టార్చి వేసి, రాళ్ళకి కట్టిన తాళ్ళు చూసుకుంటూ తెల్లార్చాను.