గోల్ఫ్ సంచిలో పద్నాలుగు కర్రలా, ఏడా?

మొన్న సంక్రాంతికి అక్క వాళ్ళింటికి ఒంగోలు పోయినప్పుడు, భోజనాలయ్యాక పని లేక, బావ సంచీ నా సంచీ కాటా మీద పెట్టి తూచాం. బావది 14 కిలోలు. నాది ఐదున్నర. "ఇది గోల్ఫ్ సంచేంది రా, కూరగాయల సంచి" అన్నాడు బావ. ఆ మాట దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. నేను ఏ పక్షమో దాచుకోను గానీ, బావ పక్షాన ఉన్న న్యాయం కూడా చెబుతా.

ముందు ఒక మాట. గోల్ఫ్ ఆడేవాళ్ళు బంతి కొట్టే ఈ కర్రల్ని క్లబ్బులంటారు. నెల్లూరులో "క్లబ్బు తీసుకుని పోతున్నా" అంటే నవ్వుతారు, "క్లబ్బుకి పోతున్నా" అంటే ఇంట్లోవాళ్ళు పేకాట అనుకుని చూసే చూపే వేరు. అందుకని కర్ర అనే అంటా. మాకు అందుబాటులో ఉన్న కోర్సు చెన్నైది. నెలకి రెండు ఆదివారాలు తెల్లవారుజామున రెండున్నరకి నెల్లూరులో బయల్దేరి, సూళ్ళూరుపేటలో టీ తాగి, ఎండ ఎక్కకముందే మొదటి బంతి కొట్టాలి. బావ శనివారం రాత్రే ఒంగోలు నించి వచ్చి మా ఇంట్లో పడుకుంటాడు.

రూలు ప్రకారం సంచిలో 14 కర్రల దాకా ఉండొచ్చు. ఈ హద్దు అమెరికాలో 1938లో, బ్రిటన్‌లో ఆ మరుసటేడు వచ్చింది. అంతకుముందు ఇరవై, ముప్ఫై కర్రలు క్యాడీల చేత మోయించినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంతకు మించకూడదన్నారే గానీ, ఇంతకు తగ్గకూడదని ఎక్కడా లేదు. ఒక్క కర్రతో రౌండంతా, అంటే పద్దెనిమిది హోల్స్ (బంతి వెయ్యాల్సిన గుంటలు) ఆడినా తప్పు పట్టరు. పదిహేనోది ఉంటే మాత్రం, అది సంచిలో ఉండగా ఆడిన ఒక్కో హోల్‌కీ స్కోరులో రెండు దెబ్బల జరిమానా, రౌండు మొత్తానికి నాలుగు దాకా.

బావ సంచిలో నిండుగా 14. అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్, దాని తర్వాతిదైన 3 వుడ్, వుడ్‌కీ ఐరన్‌కీ మధ్యరకం హైబ్రిడ్లు రెండు, మధ్య దూరాలకి 5 నించి 9 దాకా ఐరన్లు, దగ్గర్నించి ఎత్తుగా లేపడానికి పిచింగ్ వెడ్జ్, దాని కింద 52, 56, 60 డిగ్రీల వాలున్న వెడ్జ్‌లు, హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే పుట్టర్. నా ఏడూ ఇవి: 5 వుడ్, 5 హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, పుట్టర్. అన్నీ సెకండ్ హ్యాండ్‌వే. సంచితో కలిపి 28 వేలకొచ్చాయి. బావ డ్రైవర్ ఒక్కటే 52 వేలు.

మధ్యలో నంబర్లు వదిలేస్తే దూరం లెక్క తప్పదా అని అడుగుతారు. పక్కపక్క నంబర్ల ఐరన్ల మధ్య ముఖం (బంతికి తగిలే పక్క) వాలు తేడా సుమారు నాలుగు డిగ్రీలు, చెయ్యి కుదిరినవాడికి పది, పన్నెండు గజాలు. నా సంగతి చూడండి. ఒకే 7 ఐరన్‌తో పది బంతులు కొడితే, అన్నిటికన్నా ముందు పడ్డదానికీ వెనక పడ్డదానికీ ముప్ఫై గజాల దూరం. ఇట్టాంటి చేతికి 8 ఐరన్ ఉన్నా ఒకటే, ఊళ్ళో ఉన్నా ఒకటే.

అసలు తగువు డ్రైవర్ దగ్గరుంది. దాని తల 460 ఘన సెంటీమీటర్లు, రూలు ఒప్పుకునేది అంతవరకే. అరలీటరు చెంబు పొడుగాటి కర్రకి బిగించినట్టుంటుంది. బావది 9 డిగ్రీల వాలు, కర్ర పొడుగు 45 అంగుళాలు. కొనేటప్పుడు షాపులో ఎవరో "మీ స్వింగుకి స్టిఫ్ షాఫ్టే సార్" అని ఉబ్బేశారు. యాభై దాటి, పొద్దస్తమానం చీమకుర్తి నించి వచ్చే గ్రానైటు లారీల లెక్కలు కుర్చీలో కూర్చుని చూసుకునే మనిషి. ఆ నడుము తిరిగే వేగానికి గట్టి షాఫ్ట్ (కర్ర కాడ) వంగదు. బంతికి తగిలే వేళకి ముఖం, కర్ర కదిలే దారికన్నా కుడికి తెరుచుకునే ఉంటుంది. బంతి ఎడమగా బయల్దేరి, ఏదో మర్చిపోయినట్టు కుడికి తిరిగి చెట్లల్లోకి పోతుంది.

బంతి ఎందుకట్టా వంగుతుందో తెలిస్తే సగం బాధ తీరుతుంది. కర్ర కదిలే దారి ఒకటి, ముఖం చూసే దిక్కు ఇంకొకటి అయినప్పుడు, తిరిగే బంతి ఇరుసు ఒక పక్కకి ఒరుగుతుంది. ఎటు ఒరిగితే అటు పోతుంది. కర్రకి వాలు ఎక్కువుంటే బంతి వెనక్కి తిరిగే జోరు ఎక్కువ. ఆ జోరు ముందు అదే తప్పు చేసినా ఇరుసు తక్కువ ఒరుగుతుంది. 9 డిగ్రీల డ్రైవర్‌తో పక్కోడి పొలంలో పడే బంతి, 18 డిగ్రీల 5 వుడ్‌తో గట్టు మీద ఆగుతుంది. పైగా 5 వుడ్ డ్రైవర్ కన్నా రెండు మూడు అంగుళాలు పొట్టి, ముఖం మధ్యలో తగిలించడం తేలిక.

నా 5 వుడ్ 180 గజాలు పోతుంది. బావ డ్రైవర్ సరిగ్గా తగిలితే 230. అబద్ధం ఎందుకు, ఆ బంతి గాల్లో లేచినప్పుడు నాక్కూడా అసూయే. కానీ తగిలేది ఐదింటికి ఒకటి. మిగతా నాలుగింట్లో ఒకటి దొరకదు, రెండు చెట్ల కింద, ఒకటి వంద గజాల అవతల గడ్డిలో. చెన్నైలో మాతో వచ్చే క్యాడీ పెద్దాయన రెండో హోల్ దగ్గర్నించే మెల్లగా "డ్రైవర్ వేండాం సార్" అంటాడు, అంటే వద్దని. వ్యాపారం మీద చెన్నై తిరిగీ తిరిగీ బావకి తమిళం మాబాగా వచ్చు. ఆ ఒక్క మాట మాత్రం అర్థం కాదు.

ఇంకో లెక్క. పార్ అంటే బాగా ఆడేవాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ సంఖ్య. పార్ 72 కోర్సులో పార్ 3 హోల్స్ మామూలుగా నాలుగుంటాయి. అవి పొట్టివి, అవి తీసేస్తే డ్రైవర్‌కి పని 14 సార్లు. పుట్టర్‌కి మాత్రం హోల్‌కి రెండు చొప్పున పార్ లెక్కలోనే 36 దెబ్బలు. మరి బావ సాధన చేసే రేంజ్‌కి పోయి బకెట్ బంతులు తీసుకుంటే ముప్పాతిక డ్రైవర్‌తోనే బాదుతాడు. బాదడంలో సుఖం ఉంది, కాదనను. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్, వాళ్ళమ్మే క్యాడీ, పోటీలో దూరం కొట్టేవాళ్ళ పక్కన నిలబడితే ఎంతో వెనకబడేది. గ్రీన్ మీద పుట్టర్‌తో ఆ లోటంతా పూడ్చుకుంటూ నాలుగో స్థానందాకా వచ్చింది. పతకం పోయింది ఒకే ఒక్క దెబ్బకి.

పుట్టింగ్ సాధనలో మా ఇద్దరికీ పోలికే లేదు. బావ ఇంట్లో గెలాక్సీ గ్రానైటు నేల, నల్లగా, లోపల చుక్కలు మెరుస్తా. దాని మీద పుట్టింగ్ చాప పరిస్తే గోళీ వదిలినా గీత గీసినట్టు పోతుంది. అంత చదును నేల మీద నేర్చుకున్న చెయ్యి కోర్సులోని బెర్ముడా గడ్డి మీద తికమక పడుతుంది. గడ్డి ఒరిగిన వైపు కొడితే బంతి జారిపోతుంది, ఎదురు కొడితే దారిలోనే ఆగిపోతుంది. నా సాధన డాబా మీద, పాత కార్పెట్ ముక్క మీద. వాననీళ్ళు గొట్టం వైపు పోవాలని మేస్త్రీ పెట్టిన వాటం ఉంది చూడండి, అదే నా గురువు. తూర్పు మూల నించి కొడితే జానెడు ఎడమకి, పడమర నించి అయితే అంతే కుడికి. గొట్టం నోట్లో బంతి పడితే నాకు హోల్ పడ్డట్టే.

కోర్సులో అడ్డంగా పెట్టే ఇసుక గుంటల (బంకర్ల) సంగతికొస్తే నేను పూర్తిగా గెలవలేదు. పోయిన ఎండాకాలం పెన్నలో, రంగనాయకుల గుడికి కాస్త ఎగువన, ఇసుక తేలిన చోట ఇద్దరం పరీక్ష పెట్టుకున్నాం. బావ మూడు వెడ్జ్‌లూ తెచ్చాడు. నేను 56 ఒక్కటే. శాండ్ వెడ్జ్ గొప్పంతా దాని అడుగున ఉండే ఉబ్బులో ఉంది. 1930ల మొదట్లో జీన్ సారజెన్ అనే అమెరికన్ ఆటగాడు కర్ర అడుగున లోహం అతికించి చూసి, ఇసుకలో అది పారలా దిగకుండా పడవలా తేలుతుందని కనిపెట్టాడు. నా దానికి ఆ ఉబ్బు 14 డిగ్రీలు. బావ 60 డిగ్రీలదానికి సగం కూడా లేదు.

పెన్న ఇసుక పైన పొడి, కాలు పెడితే చీలమండ దాకా దిగుతుంది. అక్కడ బావ 60 అచ్చం పారలాగే దిగింది. పిడికెడు ఇసుక లేచింది, బంతి ఉన్నచోటే ఉంది. రెండోసారీ అంతే. నేను ముఖం ఆకాశం చూసేట్టు కొంచెం తెరిచి, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టాను. ఇసుక చిన్న విస్తరాకంత పొరగా లేచింది, బంతి దాని మీద కూర్చుని వచ్చింది. గట్టు మీద గేదెలు తోలుకుపోయే పెద్దాయన కాసేపు నిలబడి చూసి, "ఏం పారేసుకున్నారు సార్, ఉంగరమా?" అని అడిగాడు. బావ ఏమీ మాట్లాడకుండా నీళ్ళ పక్కన తడి ఇసుకలో బంతి పెట్టి "ఇప్పుడు కొట్టు" అన్నాడు. గట్టి ఇసుక మీద నా ఉబ్బు ఎగిరింది, కర్ర అంచు బంతి నడుముకి తగిలింది, బంతి సూటిగా నీళ్ళల్లోకి. అదే చోట బావ 60 శుభ్రంగా తీసింది. కోర్సులో వాన పడ్డ మర్నాడు బంకర్లు ఇట్టాగే గట్టిబడతాయి. అలాంటి రోజుల్లో మూడు వెడ్జ్‌లు ఉన్నవాడే రాజు. నాకు నెలకి రెండు రోజులే ఆట కాబట్టి ఒకదాంతో సరిపెట్టుకుంటున్నా.

బంతుల దగ్గర పెద్ద చర్చ అక్కర్లేదు. రౌండుకి నాలుగు పారేసుకునేవాడు మెత్తటి యురిథేన్ పొర ఉన్న ఖరీదు బంతి కొనడం డబ్బు దండగ. ఐయోనోమర్ అనే ప్లాస్టిక్ పొర బంతి గట్టిది, తొందరగా గీతలు పడవు. క్యాడీల దగ్గర దొరికిన బంతులు ఇంకా చవక.

గ్లవ్ విషయంలో మాత్రం బావ తోలుదే అంటాడు, నేను సింథటిక్ అంటా. మన ఉక్కలో తోలుది రెండు రౌండ్లకి చెమట పీల్చి ఎండి అప్పడం అవుతుంది. సింథటిక్‌ది ఉతికి ఆరేసుకోవచ్చు. ఆ మెత్తటి తోలుని కబ్రెట్టా అంటారు. ఉన్ని కాక వెంట్రుక పెరిగే గొర్రెల నించి వస్తుంది. మన నెల్లూరు గొర్రెదీ అదే తీరు, ఉన్ని కాదు వెంట్రుకే. ఆ మాట చెప్పినప్పట్నించీ బావ "నీ ఊరి గొర్రెనే కాదంటావా" అని ఎత్తిపొడుస్తా ఉంటాడు.

బరువు సంగతి మీరే ఊహించుకోండి. పద్దెనిమిది హోల్స్ తిరిగితే ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల నడక. ఐదున్నర కిలోలు నేనే భుజాన వేసుకుని నడుస్తా. బావకి బండి కావాల్సిందే.

బావ పక్షాన న్యాయం చెబుతానన్నాను కదా. ఒక పార్ 3 హోల్ ఉంది, 155 గజాలు, ముందంతా చెరువు. నా 7 ఐరన్ 145 దగ్గర ఆగుతుంది. 5 హైబ్రిడ్ తీస్తే 170, గ్రీన్ దాటి పొదల్లో. కర్రని రెండంగుళాలు కిందికి పట్టుకుని హైబ్రిడ్‌తో తగ్గించి కొట్టడం నేర్చుకున్నా, నాలుగింట రెండు నీళ్ళపాలు. బావ మాత్రం హాయిగా 6 ఐరన్ తీస్తాడు, మామూలుగా ఊపుతాడు, గ్రీన్ మీద పెడతాడు. నా సంచిలో ఆ బెత్తెడు ఖాళీ అక్కడ బాగా కనబడుతుంది. కోర్సు పక్కనే కాపురముండి వారానికి మూడు రోజులు ఆడేవాడికి, పది బంతులు పది గజాల్లో వేయగలిగినవాడికి పద్నాలుగూ పనికొస్తాయి. నెలకి రెండుసార్లు రాత్రంతా కారు నడిపి పోయే మాలాంటోళ్ళకి ఏడే మేలని నా మాట. ఆ పార్ 3 కోసం ఎనిమిదోదిగా 6 ఐరన్ పెట్టుకుందామా అని ఒక ఆలోచన ఉంది, బావకి చెప్పలేదు.

పోయిన నెల పద్దెనిమిదో హోల్ దగ్గర బావ డ్రైవర్‌తో వరసగా రెండు బంతులు చెట్లల్లోకి పంపాడు. కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఒకసారి నీ 5 వుడ్ ఇయ్యి" అన్నాడు. తోటి ఆటగాడి కర్ర అడిగి ఆడకూడదని రూలుందన్నా. "బామ్మర్దికి రూలేంది రా" అన్నాడు. ఇచ్చా. బంతి తాడు లాగినట్టు తిన్నగా పోయింది. క్యాడీ పెద్దాయన నేల వైపు చూస్తా నవ్వుకున్నాడు. వచ్చేటప్పుడు సూళ్ళూరుపేటలో టీ తాగేదాకా బావ నోరు విప్పలేదు.

వారం తిరక్కుండా సొంతంగా 5 వుడ్ కొన్నాడు. ఇప్పుడు సంచిలో పదిహేను. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "మీ బావ అన్నం తినకుండా కర్రలన్నీ హాల్లో పరుచుకుని కూర్చోనుండాడు, ఏందిరా సంగతి" అని అడిగింది. డ్రైవర్ కూడా ఆ వరసలోనే ఉందా అని అడిగా. "పెద్ద తలకాయది గదా, దాన్ని ఒళ్ళో పెట్టుకోనుండాడు" అంది.