యాష్ చెట్ల కోసం పది రెట్ల భూతద్దం: ఆరేళ్లు వాడాక

ఈ మడత భూతద్దం కొన్నప్పుడు అమెరికా, యూరప్‌లలో కనిపించే యాష్ చెట్ల ఆకులు చూడ్డానికి పనికొస్తుందనుకున్నాను. ఇప్పుడు జేబులోంచి ఎక్కువగా తీసేది ఆకులన్నీ రాలిపోయిన చలికాలంలోనే.

అద్దం తీసేముందు మామూలు కంటితోనే ఒకటి చూసుకోవాలి. యాష్ రెమ్మ మీద మొగ్గలు ఎదురెదురుగా ఉంటాయి. ఎదురెదురుగా కాకుండా ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద ఉంటే అది యాష్ కాదు. మౌంటెన్ యాష్ అలాంటిదే, పేరు మాత్రమే యాష్, కుటుంబం గులాబీది. అసలు యాష్ మన మల్లె, పారిజాతాలకు చుట్టం. యూరప్ యాష్‌కైతే అద్దమే అక్కర్లేదు, మొగ్గలు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి.

అద్దం విలువ తెలిసేది అమెరికా తెల్ల యాష్, పచ్చ యాష్ పక్కపక్కనే ఉన్నప్పుడు. ఆకు రాలిన చోట రెమ్మ మీద మచ్చ మిగులుతుంది. తెల్ల యాష్‌లో ఆ మచ్చ నెలవంకలా పైకి తెరుచుకుని ఉంటుంది, మొగ్గ ఆ పల్లంలో ఒదిగి కూర్చుంటుంది. పచ్చ యాష్‌లో మచ్చ పై అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, మొగ్గ దాని మీద కూర్చుంటుంది. మచ్చ లోపల వంపుగా పేర్చినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆకుకు నీళ్లు మోసిన నాళాల గుర్తులవి. మొదటిసారి చూసినప్పుడు చలి సంగతే మర్చిపోయాను. పచ్చ యాష్ మచ్చ ఒక్కోసారి కాస్త లోపలికి వంగుతుంది కాబట్టి నాలుగైదు రెమ్మలు చూడందే తేల్చను.

ఆకుల్ని నమ్ముకుని మొదటి ఏడాది పొరబడ్డాను. నేను ఆకులనుకున్నవి ఒకే ఆకులోని చిన్న భాగాలు. మొగ్గ ఉండేది మొత్తం కాడ మొదట్లోనే, చిట్టి ఆకుల దగ్గర కాదు. వాటి లెక్క కూడా ఈ రెండింటినీ విడదీయదు, ఏడు రెండింటిలోనూ మామూలే.

పూలు ఆకులకంటే ముందే వచ్చి కొద్ది రోజుల్లోనే పోతాయి, రేకులుండవు. కాయలు మేలు, ఒక్కో కాయకు ఒక రెక్క ఉంటుంది. తెల్ల యాష్‌లో రెక్క గింజ చివర మొదలవుతుంది, పచ్చ యాష్‌లో గింజ పక్కల వెంట సగందాకా జారుతుంది. మగ చెట్లకు కాయలుండవు, అక్కడ మళ్లీ మొగ్గే దిక్కు.

అద్దాన్ని కంటికి ఆనించి, రెమ్మనే దగ్గరికి తెచ్చుకోవాలి, దూరం రెండున్నర సెంటీమీటర్లే. చలిలో ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంది. రెండేళ్లకు స్క్రూ వదులైంది, బిగించుకున్నాను. ఇరవై రెట్లది కూడా వాడి చూశాను, గాలికి ఊగే రెమ్మ మీద చూపు నిలవదు.

2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు ఈ చెట్లను కోట్లలో చంపింది. ఎండిన చెట్టు ఏ జాతిదో తెలుసుకోవడానికి కూడా ఈ మచ్చలే చూస్తున్నాను. కొమ్మలు అందనంత ఎత్తున్న చెట్ల కింద మాత్రం రాలిన రెమ్మలే గతి. అవి పక్క చెట్టువి కావని ముందు చూసుకోవాలి.