పోకెమాన్ డెక్ ఒకటే, ఆడేటోళ్లు ఇద్దరు: చిట్టీ పాట పెట్టి చూశాం

నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక బొమ్మల షాపులో పోకెమాన్ కార్డుల ఆటకు ఈఎక్స్ బ్యాటిల్ డెక్ (ఒకడు ఆడటానికి సరిపోయే కార్డుల కట్ట) ఒకటి తెచ్చా. 60 కార్డులు ముందే పేర్చి ఉంటాయి, డబ్బా విప్పి నేరుగా ఆడొచ్చు, టాస్ కాయిన్, డ్యామేజీ బిళ్లలు, కింద పరిచే కాగితం అన్నీ ఉన్నాయి. కార్డులు గట్టిగా ఉన్నాయి. కానీ అదే షాపులో దండల్లా వేలాడే లూజు ప్యాకెట్లు మాత్రం కొనకండి. మేం తెచ్చినవాటి వెనక రంగు వెలిసినట్టుంది, అచ్చు మసక, పక్కా నకిలీ.

తెచ్చిన రోజే గొడవ. ఆడాలంటే చెరో డెక్ కావాలి, రెండో డెక్ అంటే మా పెద్దోడు పాత కార్డులతో కూర్చుకున్నది, అందులో ఈఎక్స్ (మామూలువాటికంటే బలమైన పోకెమాన్ కార్డు) ఒక్కటీ లేదు. దాంతో వాడికీ, నా మేనల్లుడికీ కొత్త డెక్ నాకంటే నాకని. టాస్ వేస్తే ఓడినోడు అలిగి లేచిపోతాడు. సరే, పాట పెడదాం అన్నా. గణేశ్ లడ్డూ పాటలు చూసే పిల్లలు కదా, ఒకటోసారి రెండోసారి అని అరవడం నేను నేర్పక్కర్లేదు. అయితే ఇది లడ్డూ పాట కాదు, చిట్టీ పాట. ఎవడు ఎక్కువ వదులుకుంటే డెక్ వాడిది.

మొదట చేతి కార్డులు వదులుకోమన్నా, 7కు బదులు 6, తర్వాత 5. ఇది కుదరలేదు. చేతిలో బేసిక్ పోకెమాన్ (నేరుగా బరిలోకి దించగలిగే కార్డు) లేకపోతే మళ్లీ కలిపి పంచాలి, అలా కలిపినప్పుడల్లా అవతలోడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. 5 కార్డులతో ఇది పదేపదే జరిగి, ఆట మొదలయ్యేసరికే అల్లుడి చేయి నిండిపోయింది.

అప్పుడు ప్రైజ్ కార్డుల మీద పెట్టాం. ఆట మొదట్లో ఎవడి డెక్‌లోంచి వాడు బోర్లా పెట్టుకునే కార్డులివి, అవతలోడి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా ఒకటి తీసుకోవచ్చు. మామూలుగా చెరి 6, ముందు అన్నీ తీసుకున్నోడు గెలిచినట్టు. పాట గెలిచినోడు 7 గానీ 8 గానీ పెట్టుకోవాలి. ఇది అదిరింది, టెన్షన్ అంతా పాటలోనే. "మామా, 9" అన్నాడు అల్లుడు ఒకసారి ఆవేశంలో. ఆ 9 వాడి సొంత డెక్‌లోంచే బోర్లా పెట్టాలి కదా, వాడికి కావాల్సిన ఎవల్యూషన్ కార్డు (పోకెమాన్‌ను పై మెట్టుకు మార్చేది) అందులోనే ఇరుక్కుంది, కింది మెట్టు చార్మీలియన్‌తోనే ఆట అయిపోయింది.

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తట్టింది. ఈఎక్స్ పడితే అవతలోడికి రెండు ప్రైజులు, అంటే రెండు ఈఎక్స్‌లు, రెండు మామూలువి పడగొడితే వాడి ఆరూ అయిపోతాయి. పాత కార్డుల డెక్‌లో ఈఎక్స్ లేదు కాబట్టి 8 పాడినోడు మాత్రం ఎనిమిదింటిని ఒక్కొక్కటిగా పడగొట్టాలి. అందుకే నా లెక్కలో 7 సరైన ధర, 8 అంటే సాహసం. డెక్‌కు ఐదుకు నాలుగిస్తా, పాటతో కలిపితే నాలుగున్నర. 8 దాటొద్దని రూలు పెడదామంటే అల్లుడు ఇంకా ఒప్పుకోలేదు.