డిశ్చార్జ్ రోజు అంటగట్టే పాలడబ్బాతో జాగ్రత్త: నల్గొండ, పాలమూరు బాలింతల ఇంటివాళ్లకు

కాన్పుకు దవాఖానకు పోతున్నవాళ్లు, వాళ్ల వెంట ఉండే అమ్మలు, అత్తలు ఇది ముందే చదవండి. కాన్పయిన రెండో రోజో మూడో రోజో "పాలు పడ్తలేవమ్మా, డబ్బా తెచ్చుకోండి" అని ఎవరో ఒకరు అంటారు. డాక్టరు చీటీ ఉండదు. కింద మెడికల్ షాపులో 400 గ్రాముల పాలపొడి డబ్బా, సీసా, రెండు పాలపీకలు, బ్రష్షు కలిపి సెట్టు కట్టి చేతిలో పెడతారు. బిల్లులో మాత్రం డబ్బా పేరు, బ్యాచ్ నంబరు కనిపించవు. ఈ సెట్టు కొనకండి.

పుట్టిన రోజు బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే టీస్పూను నిండా. పసుపుగా, చిక్కగా, బొట్లు బొట్లుగా వచ్చే ముర్రుపాలు దానికి సరిపోతాయి. మూడో రోజుకు 25 మి.లీ. దగ్గరికి వస్తుంది, అప్పటికి తల్లికీ పాలు దిగుతాయి. ఈ మధ్యలో 30 మి.లీ. డబ్బాపాలు పట్టిస్తే బిడ్డ మత్తుగా పడుకుంటుంది, రొమ్ము అడగదు. బిడ్డ చీకితేనే పాలు ఊరతాయి కాబట్టి చీకడం తగ్గేకొద్దీ పాలూ తగ్గుతాయి. వారం తిరిగేసరికి "పాలు పడ్తలేవు" అన్న మాట నిజమైపోతుంది.

పాలు చాలుతున్నాయా అన్నది ఏడుపును బట్టి తేల్చకండి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా, రెండు వారాలకు పుట్టిన బరువుకు చేరిందా, ఈ రెండూ చూడండి. మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే. పదో వంతుకన్నా ఎక్కువ తగ్గినా, బిడ్డ లేపినా లేవకున్నా, మూత్రం రాకున్నా షాపుకు కాదు, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి పోవాలి.

డబ్బా ఎన్నాళ్లు వస్తుందో షాపువాళ్లు చెప్పరు. నాలుగు కిలోల బిడ్డకు రోజుకు దాదాపు 600 మి.లీ. కావాలి. చాలా డబ్బాల మీద 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు అని ఉంటుంది, అంటే రోజుకు 20 స్కూపులు. 400 గ్రాములు నాలుగైదు రోజుల్లో అయిపోతాయి, నెలకు ఆరేడు డబ్బాలు. ధర చూసి మీరే గుణించండి. ఆ ఖర్చు మోయలేక పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. బిడ్డ చిక్కిపోతుంది, ఒంట్లో ఉప్పు పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. బలమని స్కూపు గోపురంగా నింపినా ప్రమాదమే, ఒంట్లో నీరు తగ్గి ఉప్పు పెరుగుతుంది.

మన వైపు అన్నిటికన్నా భయపడాల్సింది నీళ్లకు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి చెప్పక్కర్లేదు. తల్లి ఆ నీళ్లే తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ దాదాపు రాదు, తల్లి ఒళ్లే అడ్డం పడుతుంది. పొడి కలిపిన రోజు ఆ అడ్డు పోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లయితే 600 మి.లీ. పాలతో బిడ్డ కడుపులోకి రోజుకు దాదాపు 1.8 మిల్లీగ్రాములు పోతుంది. ఆరు నెలల్లోపు బిడ్డకు పైహద్దు రోజుకు 0.7 మిల్లీగ్రాములే. ఇగుర్లలోపల పళ్లు తయారయ్యే వయసు ఇది. గార పట్టిన పళ్లు ఆరేడేళ్లకు బయటపడతాయి, అప్పటికి చేయగలిగింది తక్కువ. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. లీటరు నీళ్లు సగానికి మరిగితే ఫ్లోరైడ్ రెట్టింపు చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు ఆపలేదు. ఆర్‌వో ఆపుతుంది గానీ లోపలి వడపోత పొర (మెంబ్రేన్) మార్చని ప్లాంటు క్యాన్‌ను నమ్మలేం.

డాక్టరే కారణం చెప్పి రాసిన సందర్భాలు ఉంటాయి, అప్పుడు మానకండి. డబ్బా కింద తేదీ, మూత కింద రేకు సీలు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు చూసుకోండి. తేదీ మీదో ధర మీదో స్టిక్కరు అంటించి ఉంటే వద్దనండి. భగీరథ నల్లా నీళ్లు బాగా మరిగించి, అరగంట దాటకముందే, ఇంకా వేడిగా ఉండగానే పొడి కలపాలి. పొడిలో క్రిములు ఉండొచ్చు, వాటిని చంపేది ఆ వేడే. తర్వాత గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద బొట్టు వేసి చూడండి. రెండు గంటలు దాటినవీ, బిడ్డ తాగగా మిగిలినవీ పారబోయండి. సీసాకన్నా ఉగ్గుగిన్నె మేలు, మూలలు ఉండవు కాబట్టి బాగా కడగొచ్చు, ఉడకబెట్టొచ్చు.

పాలడబ్బాలు, పాలసీసాల అమ్మకం మీద వచ్చిన 1992 చట్టం ప్రకారం పాలడబ్బాకు, పాలసీసాకు ప్రకటన ఇవ్వకూడదు, ఉచిత శాంపిల్ పంచకూడదు, కొనమని ఆశ చూపకూడదు, డబ్బా మీద తల్లీబిడ్డల బొమ్మ వేయకూడదు. "రెండు కొంటే సీసా ఫ్రీ" అన్నదీ ఆశ చూపడమే. అలా ఇస్తే డబ్బా, బిల్లు పారేయకండి, రెండూ ఫోటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. ఇప్పటికే కొని ఉంటే సీలు తీయకుండానే బిల్లుతో వాపసు అడగండి. ఆ లోపు ఆశా అక్కనో ఏఎన్ఎంనో ఇంటికి పిలిచి, బిడ్డ నోరు పెద్దగా తెరిచి చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా అందుకుంటోందా, గదవ రొమ్ముకు ఆనుతోందా చూడమనండి.