పోర్షే 911: 996 తీసుకోవాలా, 997 తీసుకోవాలా?

996, 997 అనేవి పోర్షే 911 కారు వరుస తరాల కోడ్ నంబర్లు; 996 పాతది. సెకండ్‌హ్యాండ్ 996 అనగానే అందరికీ ఒకటే టెన్షన్: ఐఎంఎస్ బేరింగ్. ఇంజిన్ లోపల క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను (ఐఎంఎస్) మోసే చిన్న బేరింగ్ ఇది. ఇది విరిగితే క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) తప్పి ఇంజిన్ మొత్తం పోతుంది. 2000 ప్రాంతంలో వచ్చిన సింగిల్ రో (ఒకే వరుస బంతులున్న) రకంతో ఈ భయం మరీ ఎక్కువ. అయితే దీనికి మందుంది. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడే బేరింగ్ కూడా మార్చేయొచ్చు. 911లోనే టర్బో, జీటీ3 మోడళ్ల ఇంజిన్ల నిర్మాణం వేరు కాబట్టి వాటికి ఈ బెడద లేదు.

997లో, మొదట్లో వచ్చిన కొన్ని కార్లు తప్ప, ఆ బేరింగ్‌ను పెద్దది చేశారు, అది పాడవడం అరుదు. అసలు తలనొప్పి సిలిండర్ గోడలపై పడే గీతలు. 996లోనూ ఇది ఉంది కానీ 997 మొదటి విడత 3.8 లీటర్ల ఇంజిన్‌లో ఎక్కువ. ఆయిల్ తాగడం, ఇంజిన్‌లో టిక్‌టిక్ శబ్దం, ఒకవైపు సైలెన్సర్ పైపుకే మసి పట్టడం దీని గుర్తులు. బోర్‌స్కోప్‌ను (సన్నని గొట్టం కెమెరా) సంప్ వైపు నుంచి, అంటే కింది ఆయిల్ ట్రే వైపు నుంచి, పెట్టి చూపించుకోండి. గీతలు పడితే ఇంజిన్ విప్పాల్సిందే.

అందుకే తనిఖీ చేయని 3.8 లీటర్ల 997 కంటే బేరింగ్ మార్చిన 996కే నా ఓటు. బడ్జెట్ ఉంటే మాత్రం 2009 మోడల్ 997 వెతకండి. ఆ కొత్త ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు.