క్రిమినాలజీ పీజీ: ఉద్యోగంలోకి వచ్చాక నా సమీక్ష

అనంతపురంలో ఎస్సై కోచింగుకు పోయే పిల్లలు తరచూ అడిగే మాట: "అన్నా, క్రిమినాలజీ చేస్తే పనికొస్తుందా?" నేరాలు ఎందుకు జరుగుతాయో చదివే ఆ పీజీని దూరవిద్యలో చేసి, కొన్నేళ్లుగా చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లల కేసులు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా. పరీక్ష గట్టెక్కడానికే అయితే వద్దు. ఎస్సైకి ఏ డిగ్రీ అయినా చాలు. ప్రాసిక్యూటర్ కావాలంటే ఎటూ లా చదవాల్సిందే.

పనిలో దిగాకే దీని విలువ తెలుస్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పిల్లవాణ్ని జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) ముందు మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లో, వాడి ఇంటి పరిస్థితి, చదువు, సావాసాలు చెప్పే సామాజిక విచారణ నివేదిక అందాలి. ఫారం ఎవరైనా నింపుతారు, ఎవరిని ఏం అడగాలో తెలియడమే కష్టం. ఒక బైకు దొంగతనం కేసులో ఇంటికి పోతే అవ్వ ఒక్కతే ఉంది. చెనిక్కాయ పంట పోయి అమ్మానాన్న బెంగళూరుకు కూలికి పోయారు. "యాళకు తినేదానికి గూడా రాడు సార్, ఆ పెద్ద పిల్లోళ్ల ఎనకే తిరుగుతాడు" అంది. నేరాన్ని దగ్గరివాళ్ల సావాసంలోనే నేర్చుకుంటారని, మెలకువలతోపాటు సమర్థించుకునే మాటలూ అక్కడే అబ్బుతాయని అమెరికా నేరశాస్త్రవేత్త సదర్లాండ్ సిద్ధాంతం. అందుకే "ఎందుకు దొంగిలించావ్" అని అడగలేదు. బడి ఎప్పుడు మానేశావు, తాళం లేకుండా బండి స్టార్ట్ చేయడం ఎవరు చూపించారు అని అడిగాను. వాడు నోరు విప్పింది అప్పుడే.

ఇటలీ వైద్యుడు లోంబ్రోసో పాఠం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పుట్టుకతోనే కొందరు నేరస్థులని ఆయన 1876లో రాశాడు. అంతకుముందే, 1871లో, కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులని ముద్రవేసే నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఎరుకలవాళ్ల మీద ఆ ముద్ర వేసిన చట్టం 1952లో రద్దయినా, దొంగతనం జరగ్గానే వాళ్ల గుడిసెలవైపు చూసే చూపు ఇంకా పోలేదు. పోలీసు కాబోయే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పాఠమైనా చదవాలి.

పుస్తకాలు మాత్రం పాతబడ్డాయి. నాకిచ్చిన మెటీరియల్ అంతా ఐపీసీ, సీఆర్‌పీసీలే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, హత్యకు శిక్ష చెప్పే ఐపీసీ సెక్షన్ 302 ఇప్పుడు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. సెక్షన్లు విడిగా చదువుకోండి.

దూరవిద్యలో ఫీల్డ్ వర్క్ దొరక్కపోతే జిల్లా కోర్టుకు పోయి వెనక బెంచీలో కూర్చోండి. సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్లో ఎక్కడ తడబడతాడో చూస్తే దర్యాప్తు ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. జువెనైల్ బోర్డు విచారణకు మాత్రం బయటివాళ్లను రానివ్వరు.