న్యూయార్క్‌లో చెక్క నేల ఉన్న అద్దె ఇల్లు: ఎనిమిదేళ్ళు కాపురం చేశాక నా సమీక్ష

2017 జూలైలో మేము న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్ ప్రాంతంలో, ఓక్ చెక్క నేల ఉన్న అద్దె ఇంట్లోకి దిగాము. అంతకుముందు మూడేళ్ళు న్యూజెర్సీలో గోడ నుంచి గోడ దాకా తివాచీ అంటించిన అపార్ట్‌మెంట్‌లో ఉన్నాము. ఎన్నిసార్లు వాక్యూమ్ పట్టినా ఆ తివాచీని ఇంగువ పోపు వాసన వదలలేదు, మా పాపను తుమ్ములు వదలలేదు. అందుకే గది చిన్నదైనా సరే, నేల మాత్రం చెక్కదే ఉండాలని పట్టుబట్టాము. ఎనిమిదేళ్ళు దాటాక కూడా అది మంచి నిర్ణయమనే అంటాను. అయితే ఇల్లు చూసేటప్పుడు నేను వేటిని పట్టించుకోలేదో అవే తరువాత ముఖ్యమైనవని తేలింది కనుక, వాటిని కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రకటనల్లో ‘హార్డ్‌వుడ్’, అంటే అసలైన గట్టి చెక్క నేల, అన్న మాటను నమ్మి బయలుదేరితే సగం తిరుగుడు వృథా అవుతుంది. మేము చూసిన ఇళ్ళలో కొన్నింటికి ఉన్నది లామినేట్, అంటే చెక్కలా కనిపించే చిత్రాన్ని అచ్చువేసి పైన గట్టి పొర వేసిన పలకలు, ఇంకొన్నింటికి వినైల్ అనే ప్లాస్టిక్ పలకలు. ఫోటోలో ఈ తేడా తెలియదు. గదిలో నిలబడి చూస్తే, లామినేట్‌లో ఒకే ముడి, ఒకే గీత నాలుగైదు పలకల తరువాత మళ్ళీ కనిపిస్తుంది. చెట్టు నుంచి కోసిన పలకల్లో ఏ రెండూ అలా అచ్చుగుద్దినట్టు ఉండవు. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి మాత్రం క్లాజెట్ (గోడలోనే కట్టిన బట్టల అర) తలుపు తీసి కింద చూడడం. కొత్తగా అద్దెకిచ్చేముందు గదుల్లో నేలను గీకించి మెరిపిస్తారు గానీ, క్లాజెట్ లోపల సాధారణంగా ఎవరూ శ్రమపడరు. మా ఇంట్లో బయట తేనెరంగులో తళతళలాడుతున్న నేల, క్లాజెట్ లోపల ముదురు గోధుమరంగులో, పాత మైనపు జిడ్డుతో ఉంది. పలకల వెడల్పు మాత్రం రెండు చోట్లా ఒకటే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఆ భవనంలో మొదట వేసిన ఓక్ ఇదేనని అప్పుడు నమ్మకం కుదిరింది. గదిని వేడిచేసే రేడియేటర్ గొట్టం నేలలోకి దిగే రంధ్రం దగ్గర కూడా పలక మందం కనిపిస్తుంది. ఫోన్ లైటు వేసి చూడండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మేము చేరినప్పుడు, ఇంటి యజమాని పెట్టుకున్న బ్రోకరుకు కూడా ఏడాది అద్దెలో 15 శాతం మేమే చెల్లించాము. 2025 జూన్ 11 నుంచి నగర చట్టం ప్రకారం బ్రోకరును ఎవరు పెట్టుకుంటే వారే రుసుము ఇచ్చుకోవాలి. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం వల్ల డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. ఖాళీ చేసిన 14 రోజుల్లోగా దేనికెంత కోశారో పద్దు రాసిచ్చి మిగిలింది తిరిగివ్వాలి. మామూలు వాడకంతో వచ్చిన అరుగుదలకు డబ్బు కోయకూడదు. చెక్క నేల మీద గీత అరుగుదలా, నష్టమా అన్న వాదన తేలికగా వస్తుంది కనుక, సామాను దించకముందే ప్రతి గది నేలనూ తేదీతో సహా ఫోటోలు తీసి యజమానికి ఈమెయిల్ పంపి ఉంచుకోవడం మంచిది.

ఇక అసలు ఇబ్బంది చప్పుడు. చేరిన నాలుగో నెలలో భవన యాజమాన్యం నుంచి ఉత్తరం వచ్చింది: కింది ఇంటివారు ఫిర్యాదు చేశారనీ, లీజులోని నిబంధన ప్రకారం వంటగది, స్నానాలగది కాక మిగిలిన నేలలో 80 శాతం తివాచీతో కప్పాలనీ దాని సారాంశం. ఇది నగర చట్టం కాదు, లీజులో రాసుకునే షరతు. ఇక్కడి చాలా భవనాల్లో ఉంటుంది, మా లీజులోనూ ఉంది. నేను సంతకం చేశానే గానీ చదవలేదు. తివాచీ వద్దని ఇల్లు మారిన మేము మళ్ళీ తివాచీలు కొనవలసి వచ్చింది. మొదట చాలా బాధపడ్డాను. కానీ ఒక సాయంత్రం కింది ఇంటికి వెళ్ళి, ఆ పెద్దావిడ గదిలో పది నిమిషాలు కూర్చుంటే, పైన మా పాప మంచం మీద నుంచి దూకిన ప్రతిసారీ ఆమె గాజు బీరువాలో కప్పులు గలగలలాడడం విన్నాను. ఆమె ఫిర్యాదులో న్యాయం ఉంది. దళసరి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి గుడ్డ) పరుపు వేసి, దానిమీద ఉతకగలిగిన పలచని జంబుఖానాల్లాంటివి పరిచాము. కుర్చీ కాళ్ళకు ఫెల్ట్ బిళ్ళలు అతికించాము. ఆ తరువాత మళ్ళీ ఉత్తరం రాలేదు. అడుగున చౌక రబ్బరు ఉన్న చాపలు మాత్రం కొనకండి. అవి నేల మీది పాలిష్‌కు అంటుకుని పసుపు మరకలు మిగుల్చుతాయి.

చలికాలంలో ఈ నేల వేరే నేలలా ఉంటుంది. నగర నిబంధనల ప్రకారం అక్టోబరు 1 నుంచి మే 31 వరకు యజమాని ఇంటిని వెచ్చగా ఉంచాలి. పాత భవనాల్లో ఆ పని ఆవిరి రేడియేటర్లు చేస్తాయి, గాలిలో తేమనంతా ఆరగొట్టేస్తాయి. జనవరి వచ్చేసరికి పలకలు కుదించుకుని వాటి మధ్య ఆవగింజలు ఇరుక్కునేంత సందులు పడతాయి. జూలై ఉక్కలో అవే మూసుకుంటాయి. మొదటి ఏడు ఆ సందులు చూసి కంగారుపడి, పూడ్చమని భవనం మరమ్మతులు చూసే ‘సూపర్’ను అడిగాను. వద్దని ఆయన వారించడం మంచిదైంది, ఎందుకంటే చలికాలంలో పూడ్చినది వేసవిలో పలకలు ఉబ్బినప్పుడు పిండై బయటికి వస్తుంది. గాలికి తేమనిచ్చే యంత్రం ఒకటి పెట్టి గాలిలో తేమను 40 శాతం దగ్గర ఉంచితే సందులు సగానికి సగం తగ్గాయి.

మన ఇళ్ళ అలవాట్లలో చెక్క నేలకు సరిపడనిది ఒకటే, తడిగుడ్డ. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ, “తడిగుడ్డ పెట్టకపోతే ఇల్లు శుభ్రమైనట్టేనట్రా?” అని బకెట్ నిండా నీళ్ళతో మొదలుపెట్టింది. ఆపి నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. బాగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పట్టాలి. నీరు నిలిస్తే ఏమవుతుందో మా పడకగది మూల చెబుతుంది: ఒక శీతాకాలం రేడియేటర్ వాల్వు నుంచి చుక్కచుక్కగా కారిన నీళ్ళను మేము గమనించలేదు. ఇనుప తుప్పు నీరు ఓక్‌లోని వగరుకు తగిలి, అరచేయంత మేర సిరా ఒలికినట్టు నల్లబడింది. ఎన్ని చేసినా ఆ నలుపు పోలేదు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే అలవాటు మాత్రం ఈ నేలకు పెట్టని కోట; పక్కవాళ్ళ ఇంట్లో నడవా అంతా గీతలు పడితే, మా నడవా ఇప్పటికీ నున్నగా ఉంది. పండగ రోజుల్లో దీపపు కుందుల కింద ఇత్తడి పళ్ళెం పెడతాము, నూనె చెక్కలోకి ఇంకదు.

ఈ వేసవిలో లీజు పొడిగించేటప్పుడు, నేలంతా గీకించి కొత్తదానిలా చేయిస్తామని యజమాని అన్నారు. గుమ్మం దగ్గర రెండు చోట్ల మేకు తలలు పైకి కనిపిస్తున్నాయి. ఇప్పటికే పలుమార్లు గీకిన నేల అది. ముప్పావు అంగుళం పలకలోనైనా, పలకను పక్క పలకలోకి దూర్చే అతుకుకు పైనుండే కలప పావు అంగుళం మాత్రమే, అది అయిపోతే మళ్ళీ రాదు. గీకించవద్దని, పైపూతను మాత్రం సన్నగా రుద్ది ఇంకొక పొర వేయించమని అడిగాను. రెండు రోజులు బంధువుల ఇంట్లో ఉండి తిరిగొచ్చేసరికి నేల మళ్ళీ తేనెరంగుకు వచ్చింది. ఒకప్పుడు మా రోలు జారిపడి చేసిన సొట్ట, రేడియేటర్ కింది నలుపు ఆ కొత్త పొర కింద అలాగే ఉన్నాయి.